తిలోమై రెండు ఆదివారాలు

మా మరదలు తిలోమైకి తేదీల పిచ్చి. ఇంట్లో ఎవరైనా "మొన్న" అన్నారంటే చాలు, "మొన్నంటే ఏ రోజు?" అని నిలదీస్తుంది. "పోనీలేవే, మన పంది పోయిన రోజు తెలుసుకుని ఏం చేస్తావు, సమాధి కట్టిస్తావా?" అని నేను విసుక్కుంటే, "పంది సంగతి కాదు వదినా, మాట సంగతి" అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఆ పిల్ల మీద నాకున్నంత ప్రేమ నా సొంత చెల్లెళ్ళ మీద కూడా లేదు. అది వేరే విషయం.

తిలోమైది మా సమోవాలోనే ఉన్న సవాయీ దీవి. వాళ్ళమ్మ చాపలు అల్లేది. మా తమ్ముడు మలాకి వెల్డరు, కానీ ఊళ్ళో అందరూ వాణ్ణి గాయకుడనే అనుకుంటారు. మా చర్చి పాటల బృందంలో అందరికంటే కిందగా మోగే అడుగు గొంతు వాడిది. సవాయీలో ఒక కొత్త చర్చి ప్రారంభానికి మా బృందం పాడటానికి వెళ్ళినప్పుడు తిలోమై రెండో వరసలో విసనకర్ర పట్టుకుని కూర్చుంది. పాట అయ్యేసరికి విసురుకోవడం మరిచిపోయి నోరు తెరుచుకుని ఉందట. ఈ మాట మలాకి చెబితే ఆమె ఒప్పుకోదు. "నేను గొంతును చూసి చేసుకున్నాను, మనిషి దాని వెనకాలే వచ్చాడు" అని మాత్రం తనే నవ్వుతూ చెబుతుంది.

పెళ్ళయ్యాక రాజధాని అపియాలో మా ఇంటికి వచ్చింది. రొపాటి గారి కాంట్రాక్టు కంపెనీలో లెక్కల గుమాస్తాగా చేరింది. వంతెనలు, బడి కట్టడాలు, పడవల రేవులు కట్టే కంపెనీ అది. మలాకి కూడా అక్కడే. ఆక్లండ్ నుంచి ఏదో సాఫ్ట్‌వేర్ తెప్పించారు. ఏ కట్టడానికి ఎంత సిమెంటు, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, అన్నీ అందులోకే. దాని మనసు తెలిసింది ఆఫీసు మొత్తానికి మా మరదలికే.

ఒకసారి నేను కొబ్బరి కోరుతూ, "ఏముందే ఆ డబ్బాలో రోజంతా చూస్తావు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"చూడు వదినా. మలాకి ఇవాళ ఒక గేటు వెల్డింగు చేశాడనుకో. అది జరిగిన తేదీ ఒకటి. ఆ చీటీ నాకు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది, అప్పుడు ఎక్కించాను. అది ఇంకో తేదీ. ఈలోగా నెల లెక్క మూసేశాం, కాబట్టి వచ్చే నెల లెక్కలో పడింది. అది మూడోది. ఎక్కించిన తేదీ ఎప్పుడైనా కానీ, ఏ నెలలో పడినా పడనీ. జరిగిన తేదీ ఉందే, దాని మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయకూడదు."

"వేస్తే?"

"వేస్తే ఇంక అబద్ధమే కదా."

"సరే తల్లీ, ఆ కొబ్బరిపాలు పిండు" అన్నాను. తేదీలతో పలుసామి, అదే చేమాకుల కొబ్బరిపాల కూర, ఉడకదు కదా.

ఆ డిసెంబరులో మా ప్రభుత్వం క్యాలెండరులోంచి ఒక శుక్రవారాన్ని ఎత్తేసింది. గురువారం పడుకున్నాం, శనివారం లేచాం. ఆక్లండ్‌తో, సిడ్నీతో ఒకే రోజు వ్యాపారం చేసుకోవడానికట. ఊరంతా చర్చి గంటలు, కేకలు, సంబరం. పని పడింది మాత్రం తిలోమైకి. కంపెనీ డ్రైవరు ఏటి ఆ లేని శుక్రవారానికి పూర్తి రోజు పని రాసి చీటీ ఇచ్చాడు.

"ఆ రోజే లేదు కదయ్యా" అంది తిలోమై.

"లారీ కడిగానమ్మా."

"ఎప్పుడు కడిగావు?"

"శుక్రవారం."

"శుక్రవారం లేదంటున్నాను కదా!"

"రోజు లేకపోతే లారీ అలా మెరుస్తోందేం? కావాలంటే వెళ్ళి చూసుకో" అన్నాడట. ఆఫీసంతా పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. వాడెప్పుడు కడిగాడో ఇంటికి వెళ్ళి వాళ్ళావిడను కనుక్కుని, గురువారం సాయంత్రమని తేలాక ఆ తేదీతో ఎక్కించింది. అంత పట్టుదల మనిషి.

మరి అలాంటి మనిషి ఆ పని ఎలా చేసిందంటే, మలాకి కోసం చేసింది.

పాంగో రేవు మరమ్మతు పని రొపాటి గారికి దక్కింది. పాంగో అంటే అమెరికా వాళ్ళ కిందున్న సమోవా. మాకూ దానికీ మధ్య ఒక రాత్రి పడవ ప్రయాణం. మనుషులు ఒకటే, మాట ఒకటే, గడియారంలో ముల్లు కూడా ఒకటే. కానీ వాళ్ళు క్యాలెండరు మార్చుకోలేదు. మాకు ఆదివారమైతే వాళ్ళకు ఇంకా శనివారం. మలాకి, ఇంకో పదిమంది మనవాళ్ళు ఆ పనికి వెళ్ళారు. రేవు పని ఎప్పుడు పూర్తవుతుందో రొపాటి గారికే తెలియదు. ఒక స్తంభం విప్పితే పక్క స్తంభం కూడా తుప్పే.

మలాకి మా సులూ పిన్ని ఇంట్లో దిగాడు. రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. అయినా తిలోమై మొహంలో కళ లేదు.

"రోజూ మాట్లాడుతూనే ఉన్నావు కదే, ఇంకేం కావాలి?" అన్నాను.

"సాయంత్రాలు అలిసిపోయి ఉంటాడు వదినా. కప్పు కారుతోందా, పాప బడికి వెళ్ళిందా, అంతే. నాకు ఆదివారం మలాకి కావాలి."

నాకు అర్థమైంది. నా తమ్ముడే కదా, నాకు తెలియదా! వారమంతా వాడు మామూలు మనిషి. ఆదివారం తెల్ల చొక్కా వేసుకున్నాడంటే వేరే మనిషి. చర్చి నుంచి రాగానే రాళ్ళ పొయ్యి తెరుస్తాం. చేమదుంపలు, సీమపనస, పలుసామి, చేప. భోజనానికి ముందు ప్రార్థన పాట వాడే ఎత్తుకుంటాడు. తిన్నాక చాప మీద వెల్లకిలా పడుకుని, కడుపు మీద కూతురు లూతెను పడుకోబెట్టుకుని, కళ్ళు మూసుకుని సన్నగా పాడుతుంటే ఆ పిల్ల నిద్రపోయేది, తిలోమై నిద్రపోయేది, చివరికి నేనూ పోయేదాన్ని. పెళ్ళయిన రోజు నుంచి ఆమె ఆదివారం అంటే అదే.

ఇప్పుడు మాకు ఆదివారమైతే వాడు రేవులో ముసుగు వేసుకుని రాడ్డు పట్టుకుని ఉండేవాడు. ఫోను పెట్టెలో. వాడికి ఆదివారం వచ్చి, చర్చి అయ్యి, ఆ గొంతుతో వాడు ఫోను చేసేసరికి మాకు సోమవారం. ఆఫీసులో రొపాటి గారు ఎదురుగా. "తర్వాత, తర్వాత" అని గుసగుసగా చెప్పి పెట్టేసేది. వారం వారం అదే. ఒక రోజు భోజనాల దగ్గర నేను ప్రార్థన పాట ఎత్తుకున్నాను. నా గొంతు సంగతి నాకు తెలుసు. తిలోమై సగంలో లేచి చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ రాలేదు.

అప్పుడే హాజరు పెట్టె గొడవ వచ్చింది. పాంగో రేవు గేటు దగ్గర ఒక పెట్టె బిగించారు. పనివాళ్ళు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాని మీద వేలు పెట్టాలి. గంటలు నేరుగా అపియా ఆఫీసులో పడతాయి. కానీ ఆ పెట్టె అపియా తేదీ వేసేది. అంటే వాళ్ళు శనివారం పనిచేస్తే ఇక్కడ ఆదివారం పని అని పడేది. ఆదివారం పని మా లెక్కల్లో ఉండదు కాబట్టి తెర అంతా ఎర్రగా అయ్యేది. వాళ్ళు ఆదివారం చర్చికి వెళితే ఇక్కడ సోమవారం ఎగ్గొట్టారని పడేది.

రొపాటి గారు తల పట్టుకున్నారు. "ఏం చేద్దాం తిలోమై? దాని సంగతి నీకే తెలుసు."

చేయాల్సింది ఆమెకు తెలుసు. పాంగో పనికి విడిగా ఒక క్యాలెండరు పెట్టాలి. పని ఎక్కడ జరిగిందో అక్కడి తేదీ పడుతుంది. కాస్త శ్రమ, అంతే. కానీ ఆమె నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రెండు క్యాలెండర్లు ఒప్పుకోదండీ ఇది. ఒకటే ఉంటుంది. మనవాళ్ళనే మన రోజుల ప్రకారం నడుచుకోమంటే సరిపోతుంది. మన ఆదివారం, అంటే అక్కడి శనివారం, సెలవు తీసుకుంటారు."

"అంటే అక్కడి ఆదివారం పనిలోకి దిగాలా? పాంగో పెద్దలు ఊరుకుంటారా?"

"షెడ్డులో లోపలి పని పెట్టండి, తలుపులు వేసుకుంటారు. ఎలాగూ సోమవారం మన ఆఫీసు తెరిచే ఉంటుంది, వాళ్ళకేం కావాలన్నా పంపొచ్చు."

రొపాటి గారికి ఆ చివరి మాట నచ్చింది. సరేనన్నారు. ఆ రాత్రి తిలోమై నాకు అన్నీ చెప్పేసింది. నేను తిట్టలేదు. ఆమె కళ్ళలో ఆ వెలుగు చూసి చాలా కాలమైంది, నాకు నోరెలా వస్తుంది?

ఆ మొదటి ఆదివారం ఎలా మరిచిపోతాను! చాప మధ్యలో ఫోను పెట్టాం. చుట్టూ వంటకాలు. మలాకి ప్రార్థన పాట ఎత్తుకున్నాడు. లూతె ఫోను మీదికి వంగి, "నాన్నా, పలుసామి చల్లారిపోతోంది, తొందరగా పాడు" అంది. మేము నవ్వితే అక్కడ వాడు నవ్వాడు. తిన్నాక తిలోమై ఫోను చెవి దగ్గర పెట్టుకుని పడుకుంది. వాడు పాడుతూనే ఉన్నాడు. నేను గిన్నెలు చప్పుడు కాకుండా తీసుకెళ్ళాను. ఆ నిద్రపోయే మొహం చూసి, అబద్ధమైతే అయింది, దేవుడు ఈ మాత్రం చూసీ చూడనట్టు ఉండడా అనుకున్నాను. వారం వారం అలాగే గడిచింది.

ఒక రోజు సులూ పిన్ని నాకు ఫోను చేసింది. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఏమే ఫువాటీనో, మీ తమ్ముడికి ఏమైంది? మతం గానీ మార్చుకున్నాడా?"

"అదేం మాట పిన్నీ!"

"మరి ఆదివారం గంట మోగుతుంటే మేమంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోతాం, మీవాడు మసిచొక్కా వేసుకుని రేవుకు పోతాడు. ఎంత తలుపులు వేసుకుంటే మాత్రం ఆ వెల్డింగు వెలుగు కిటికీలోంచి కనపడదూ? పాస్టరు గారు నన్ను అడుగుతున్నారు, నా తల ఎక్కడ పెట్టుకోను? వచ్చిన కొత్తలో మా బృందంలో పాడాడు. అబ్బ, ఆ పాట! జనం వెనక్కి తిరిగి చూశారు. ఇప్పుడు ఆ చోటు ఖాళీ."

"శనివారం సెలవే కదా పిన్నీ వాడికి..."

"ఆ శనివారం భాగోతం కూడా చెబుతాను విను. నట్టింట్లో మా మనవలు టీవీ పెట్టుకుంటారు. ఇతగాడు పెరట్లో బట్టలారేసే తీగల మధ్య నిలబడి, ఫోను పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్కడే కీర్తనలు పాడతాడు. నెత్తి మీద మా ఆయన లుంగీలు ఆరుతుంటాయి. పక్కింటివాళ్ళు కంచె దగ్గరికొచ్చి చూస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు."

నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే మలాకిని అడిగాను.

"తిలోకి చెప్పకక్కా. అది సంతోషంగా ఉంది."

"నువ్వో?"

"నేను బాగానే ఉన్నాను. గంట మోగినప్పుడు ముసుగు దించేసుకుంటాను. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు."

నాకు కోపమొచ్చిందంటే మామూలు కోపం కాదు. ఎవరి మీద అంటే చెప్పలేను. ఒకరి సంతోషం కోసం ఒకరు నోరు మూసుకుని, ఇద్దరి మధ్యలో నేను చెవులున్న పాపానికి! చెప్పకు అన్నాడు కాబట్టి అరగంట ఆగాను. తర్వాత తిలోమై దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. లుంగీల సంగతి కూడా.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. బట్టలు మడతపెడుతోంది, పెడుతూనే ఉంది.

"నాకు తెలుసు వదినా. తెలుసు అంటే... మలాకి వెనక టీవీ మోగడం వినపడేది. పిల్లలు కేకలు వేయడం, ఎవరో బట్టలు ఉతకడం. ఆదివారం చప్పుళ్ళు కావవి. వినపడనట్టు ఉన్నాను."

"మరేం చేస్తావు?"

"ఇంకొక్క ఆదివారం" అంది. ఆ గొంతు వింటే రాయి కూడా కరిగేది. "ఇంకొక్కటి వదినా. తర్వాత చెప్పేస్తాను."

నేను సరేనన్నాను. కానీ ఆ ఆదివారం పాట సగంలో ఆమే ఆపేసింది. "మలాకీ, ఇంక చాలు. వెళ్ళి అన్నం తిను. వచ్చే వారం నుంచి చర్చికి వెళ్ళు" అంది. "అక్క చెప్పిందా?" అన్నాడు. "ఎవరు చెబితే ఏం, వెళ్ళు" అంది. వాడు వద్దనలేదు. ఒక్కసారి కూడా వద్దనలేదు. అది ఆమెకు ఎంత తగిలిందో నాకు కనపడింది.

మర్నాడు పొద్దున్నే రొపాటి గారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

"రెండు క్యాలెండర్లు పెట్టొచ్చండీ. మొదటి నుంచీ పెట్టొచ్చు. నేను అబద్ధం చెప్పాను."

రొపాటి గారికి ముందు అర్థం కాలేదట. అర్థమయ్యాక ఎర్రబడిపోయారు. "అంటే ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావా? పాంగో పెద్దలకు నేను క్షమాపణలు చెప్పుకుంటూ తిరుగుతున్నాను, తెలుసా? ఎందుకు చేశావు?"

"ఆదివారం మా ఆయనతో కలిసి భోంచేద్దామని."

రొపాటి గారి భార్య పోయి రెండేళ్ళయింది. ఉద్యోగం తీసేయలేదు. కానీ పాంగోలో కొత్త గుమాస్తాకు పని నేర్పడానికి ఆగస్టులో పంపుతానని తిలోమైకి మాటిచ్చి ఉన్నారు. రెండు వారాలు అక్కడే ఉండటం. దానికోసం ఆమె కొత్త పులెతాసి, పొడుగు చొక్కా, పావడా జత, కుట్టించుకుంది, పూల అంచుతో. ఆ ప్రయాణం రద్దు చేసి ఇంకొకరిని పంపుతామన్నారు. ఆమె తలూపి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆ బట్టలు నా పెట్టెలో పెట్టమంది. తన పెట్టెలో ఉంటే కనపడతాయట.

పాంగో పనికి విడి క్యాలెండరు పెట్టేసింది. తప్పు తేదీలు పడిన వారాలన్నీ ఒక్కొక్కటీ తీసి, ఎప్పుడు జరిగిందో ఆ తేదీకి సరిచేసింది. ఆ పని కోసం రోజూ చీకటి పడ్డాక గానీ ఇంటికి వచ్చేది కాదు.

తర్వాతి ఆదివారం మేం ముగ్గురమే తిన్నాం. ప్రార్థన పాట లూతె ఎత్తుకుంది. తిలోమై కూడా పాడింది. ఫోను గూట్లో ఉంది, అటువైపు ఎవరూ చూడలేదు.

మర్నాడు సోమవారం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుంది.

"ఇవాళ అక్కడి చర్చి వేళకు మలాకి ఫోను చేశాడు వదినా. మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకుని పాడటానికి నిలబడ్డాడు, నేను వింటానని."

"రొపాటి గారు ఏమన్నారు?"

"విన్నారు. తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. నేను ఫోను బల్ల మీద పెట్టుకుని విన్నాను. ఎంత బాగా పాడారో తెలుసా! యాభై మంది ఉంటారేమో. పాట మొత్తం విన్నాను, తర్వాతిది కూడా."

"మరి మొహం అలా ఉందేం? ఎలా పాడాడు మనవాడు?"

ఆమె తలెత్తి నా వైపు చూసింది.

"అంతమందిలో మలాకి గొంతు ఏదో నాకు తెలియలేదు వదినా."

"తెలియకపోవడమేంటే! అందరికంటే అడుగున మోగేది వాడిదే కదా. మనకు తెలియదా?"

"అడుగునే విన్నాను. కళ్ళు మూసుకుని విన్నాను. దొరకలేదు."

వెళ్ళి పక్కన కూర్చున్నాను. పొయ్యి మీద కోకో పొంగి పోయింది, పోనీ అనుకున్నాను.